కొరియా, జపాన్ సీరియళ్ళ గురించి నన్నందరూ అడిగే ప్రశ్నలు

ఒకరోజు బ్యాంకులో భోజనాల దగ్గర నోరు జారి, "రాత్రి కొరియా సీరియల్ చూస్తూ ఒంటిగంట చేశాను" అన్నాను. ఆ రోజు నుంచి క్యాష్ కౌంటర్లో అమ్మాయి, మా ఆడపడుచు, ఎదురింటివాళ్ళు, ఆఖరికి మా అత్తగారికి బీపీ చూడ్డానికొచ్చే కాంపౌండరు కూడా ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నాకు కొరియన్ రాదు, జపనీస్ రాదు. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక గంటో గంటన్నరో టీవీ ముందు కూర్చునే మనిషిని, అంతే. కథలు అక్కడక్కడ బయటపడతాయి. తర్వాత నన్ననకండి.

ఈ పిచ్చి మీకెలా పట్టింది?

మా అమ్మాయి పుణ్యం. ఎంటెక్‌కి వెళ్తూ టీవీలో తన ప్రొఫైల్ అలాగే వదిలేసి వెళ్ళింది. ఇల్లు బోసిపోయి ఒకరోజు రిమోట్ నొక్కితే, అది ఆపిన చోటు నుంచే మొదలైంది. 'క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ', ఏడో ఎపిసోడ్. ఎవరు ఎవరికేమవుతారో తెలియదు. దక్షిణ కొరియా కోటీశ్వరుల పిల్ల పారాగ్లైడర్ మీద గాల్లో ఎగురుతూ గాలివానకి కొట్టుకుపోయి ఉత్తర కొరియాలో పడిందన్న సంగతి కూడా తర్వాత మొదటి ఎపిసోడ్ చూశాకే తెలిసింది.

అందరూ హీరోహీరోయిన్ల కోసం చూస్తారు. హ్యున్ బిన్, సన్ యే జిన్ 2022లో నిజంగానే పెళ్ళి చేసుకున్నారు కూడా. నన్ను పట్టింది మాత్రం ఆ ఉత్తర కొరియా పల్లెలో నలుగురు ఆడవాళ్ళు. కరెంటు పోతుంది, కబుర్లు ఆగవు. ఒకావిడ మొగుడి హోదా చూసుకుని పెత్తనం చేస్తుంది, మిగతావాళ్ళు ఆవిడ ముందు తలూపి వెనక నవ్వుకుంటారు. మా బ్యాంకు క్వార్టర్సు గుర్తొచ్చి అక్కడికక్కడే పడిపోయాను.

ఇవీ మన సీరియళ్ళలాంటివేనా? ఏళ్ళ తరబడి సాగుతాయా?

సాగవు, అదే సుఖం. కొరియాలో మామూలు లెక్క పదహారు ఎపిసోడ్లు. వారంలో వరసగా రెండు రోజులు, ఒక్కోటి గంటా గంటంపావు, రెండు నెలల్లో కథ కంచికి. ఓటీటీ కోసమే తీసేవి ఈమధ్య ఎనిమిదికీ పన్నెండుకీ ముగించేస్తున్నారు. జపాన్‌వాళ్ళు ఏడాదిని జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు అని నాలుగు ముక్కలు చేసుకున్నారు. ప్రతి ముక్కకీ కొత్త సీరియళ్ళొస్తాయి. వారానికొకటి చొప్పున పదీ పదకొండు ఎపిసోడ్లు, ఒక్కోటి ముప్పావుగంట. మన దగ్గర అత్తగారు మెట్ల మీంచి జారిపడితే ఆవిడ నేలమీదకి చేరేలోపు అక్కడ పెళ్ళి, విడాకులు, మళ్ళీ పెళ్ళి అయిపోతాయి.

రోజూ వచ్చేవి జపాన్‌లోనూ ఉన్నాయి. వాళ్ళ ప్రభుత్వ ఛానెల్ ఎన్‌హెచ్‌కేలో పొద్దున్న పూట పావుగంట సీరియల్ 1961 నుంచీ వస్తోంది. వాటిలో 1983లో మొదలైన 'ఓషిన్' ఏడాదిపాటు 297 ఎపిసోడ్లు నడిచింది. సగటున 52.6 శాతం రేటింగు. అన్నం కరువై చిన్నపిల్లని పనికి పంపేసిన కథ పొద్దున్నే కాఫీతోపాటు దేశంలో సగం చూసిందన్నమాట.

మొదటిసారి చూసేవాళ్ళు ఏది చూడాలి?

'రిప్లై 1988'. దీనికి రెండో మాట లేదు. కానీ మొదటి రెండు ఎపిసోడ్లు ఓపిక పట్టాలి. ఇరవై ఎపిసోడ్లు, కొన్ని గంటన్నరకి తగ్గవు. "ఏమీ జరగడం లేదేంటి" అని మీరంటారు. నేనూ అన్నాను.

సియోల్లో సాంగ్‌మున్ దోంగ్ అనే పేటలో ఒక సందు. అయిదు కుటుంబాలు, అయిదుగురు పిల్లలు. మొదటి ఎపిసోడ్లో రాత్రి భోజనాల వేళ ఒకమ్మ గిన్నెతో కూర ఇచ్చి పక్కింటికి పంపుతుంది. ఆ పక్కింటావిడ ఖాళీ గిన్నె ఎలా పంపుతుంది? ఇంకేదో పెట్టి పంపుతుంది. పిల్లలు గిన్నెలు పట్టుకుని సందులో ఒకళ్ళకొకళ్ళు ఎదురుపడుతూ తిరుగుతూనే ఉంటారు. ఆఖరికి ఒక పిల్లాడు విసుక్కుంటాడు, ఈ మాత్రానికి అందరూ ఒకచోటే కూర్చుని తినొచ్చుగా అని. మా అత్తగారికి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదవడం రాదు. ఆ సీను చూసి, "ఉత్త గిన్నె ఇవ్వకూడదని వాళ్ళకీ తెలుసే" అన్నారు. ఆవిడ ఆ తర్వాత ఒక్క ఎపిసోడు వదల్లేదు.

హీరోయిన్ డక్ సన్ నడిమి పిల్ల. పుట్టినరోజు అక్కకి మూడు రోజుల తర్వాత. ఏటా అక్క కేకు మీదే కొవ్వొత్తులు తగ్గించి మళ్ళీ వెలిగిస్తారు. ఒక ఏడాది ఆ పిల్ల భరించలేక భోరున బద్దలైపోతుంది. గుడ్డు వేయించినా అక్కకీ తమ్ముడికేనా అని అడుగుతుంది. మా ఇంట్లో ముగ్గురు ఆడపిల్లల్లో నేనూ నడిమిదాన్నే. ఇంతకంటే ఏం చెప్పను.

ఇక ఆ పిల్ల తండ్రి బ్యాంకు ఉద్యోగి. తెలిసినవాడి అప్పుకి హామీ సంతకం పెట్టి మునిగిపోయి, స్నేహితుడి ఇంట్లో కిందిభాగంలో, సగం భూమిలోకి ఉండే వాటాలో కాపురముంటాడు. రోజూ పదిమందికి హామీ సంతకం అంటే ఏమిటో చెప్పే ఉద్యోగం చేస్తూ తనే పెట్టాడు చూడండి! నవ్వొస్తుంది, మా పాత క్యాషియర్ గారు గుర్తొస్తే ఆ నవ్వు ఆగిపోతుంది.

నచ్చనిది ఒకటుంది. డక్ సన్‌కి కాబోయే మొగుడెవరు అన్న పొడుపుకథని ఇరవై ఎపిసోడ్లూ లాగారు. ఆ సందుకి ఆ పొడుపుకథ అక్కర్లేదు.

'వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరీన్స్' చూసి అందరూ ఏడ్చారట. అంతుందా?

ఉంది. 2025 మార్చిలో వారానికి నాలుగేసి చొప్పున పదహారు ఎపిసోడ్లు వదిలారు. మా అమ్మాయి హాస్టల్లో, నేనిక్కడ, ఫోన్లో మాట్లాడుకుంటూ చూశాం. కొరియన్‌లో దాని పేరు వేరు. జెజు ద్వీపం యాసలో 'పొక్సక్ సొగత్సుదా', అంటే 'ఎంతో కష్టపడ్డారు' అని మెచ్చుకోవడం. సియోల్ వాళ్ళ చెవికి అదే మాట 'నిలువునా మోసపోయారు' అన్నట్టు వినిపిస్తుందట. ఒక ఆడమనిషి జీవితకథకి ఇంతకన్నా సరైన పేరు నేను వినలేదు.

కథానాయిక ఏసున్. ఆమె తల్లి హేన్యో. ఆక్సిజన్ సిలిండరు లేకుండా ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి నత్తలూ శంఖాలూ ఏరుకొచ్చే ఆడవాళ్ళని జెజులో అలా అంటారు. పైకి తేలినప్పుడు బిగబట్టిన ఊపిరి ఈలలా బయటికొస్తుంది. ఆ చప్పుడు సీరియల్లో వింటుంటే మన ఊపిరీ ఆగుతుంది. 2016లో యునెస్కో ఈ హేన్యోల సంస్కృతిని వారసత్వ జాబితాలో చేర్చింది. కూతురు ఆ పనిలోకి రాకూడదని తల్లి, మనవరాలు రాకూడదని కూతురు పోరాడ్డమే ఈ కథలో సగం.

నాకు మిగిలిపోయిన సీను అన్నం దగ్గరది. ఏసున్ మొగుడు గ్వాన్‌సిక్ ఇంట్లో మగవాళ్ళకి ఒక బల్ల, ఆడవాళ్ళకి పక్కన ఇంకో చిన్న బల్ల. కొత్త కోడలు ఆ చిన్న బల్ల దగ్గర. గ్వాన్‌సిక్ మాటామంతీ లేకుండా కూర్చున్నచోటే వెనక్కి తిరిగి, పెద్దవాళ్ళకి వీపు పెట్టి, పెళ్ళాం బల్ల మీద తింటాడు. కేకలు లేవు, డైలాగు లేదు. 1960ల పల్లెటూళ్ళో ఒక మనిషి అటునుంచి ఇటు తిరిగాడంతే. మా అత్తగారు అప్పుడే నాకేసి చూసి, "నువ్వూ తినెయ్, ఆయనొచ్చేదాకా ఎందుకు" అన్నారు. పాతికేళ్ళ కాపురంలో అదే మొదటిసారి.

అయితే గ్వాన్‌సిక్ మరీ మంచివాడు. పదహారు ఎపిసోడ్లలో ఒక్కసారైనా పెళ్ళాం మీద విసుక్కోని మొగుడు నాకు నమ్మకం కలిగించలేదు. ఏడవడం వేరు, నమ్మడం వేరు. ఇంకో హెచ్చరిక: నడిమధ్యలో తుఫాను ఎపిసోడు వస్తుంది. మర్నాడు ఆఫీసుంటే ఆ రాత్రి చూడకండి.

"ఒప్పా" అంటే అన్నయ్యా? మరి అన్నయ్యనే ప్రేమిస్తుందేంటి?

మా ఇంట్లో పెద్ద గొడవే జరిగింది దీనిమీద. ఆడపిల్ల తనకంటే పెద్దవాణ్ణి 'ఒప్పా' అంటుంది. సొంత అన్నయ్యని, సీనియర్‌ని, ప్రేమించినవాణ్ణి, అందర్నీ. మగపిల్లాడు అన్నని 'హ్యోంగ్' అంటాడు, అక్కని 'నూనా' అంటాడు. ఆడపిల్ల అక్కని 'అన్నీ' అంటుంది, ఇది విని మా అత్తగారు ఎంత కంగారుపడ్డారో. చివరికి, "ప్రేమ సీన్లో ఒప్పా అంటే బావ అనుకోండి అత్తయ్యా" అన్నాను. అప్పట్నుంచి ప్రశాంతం.

నిజానికి ఇలాంటివి ఇంగ్లీషువాళ్ళకంటే మనకి తేలిగ్గా ఎక్కుతాయి. అక్కడ కూడా ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పేరుపెట్టి పిలుచుకోరు, ఫలానా పిల్లాడి వాళ్ళమ్మా అనే పిలుస్తారు. ఇంగ్లీషు సబ్‌టైటిల్లో మాత్రం 'శ్రీమతి ఫలానా' అని పడుతుంది. మా వీధిలో ఇప్పటికీ నా అసలు పేరు తెలిసినవాళ్ళు ముగ్గురే.

తెలుగు డబ్బింగులో చూడాలా, సబ్‌టైటిల్స్‌తోనా?

ఇది కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నా అభిప్రాయం రెండుసార్లు మారింది.

మొదట్లో డబ్బింగ్ అంటే పడేది కాదు. ఒకదాంట్లో తాతకీ మనవడికీ ఒకే గొంతు. ఇంకోదాంట్లో పద్దెనిమిదేళ్ళ పిల్ల "నాకు చింతించుటకు సమయము లేదు" అన్న ధోరణిలో మాట్లాడింది. సరే, ఇంగ్లీషు సబ్‌టైటిల్సే మేలనుకున్నాను.

తర్వాత ఒక సంగతి గమనించాను. కొరియన్‌లోనూ జపనీస్‌లోనూ మనలాగే క్రియ చివర్లో వస్తుంది. కాదు, లేదు అనే మాట జపనీస్‌లో ఇంకా చివర్లో వస్తుంది. జపనీస్‌లో 'సుకి' అంటే ఇష్టం. 'సుకి జా నై' అంటే ఇష్టం లేదు. ఒకడు 'సుకి' అని ఆగి, ఊపిరి తీసుకుని, 'జా నై' అన్నాడనుకోండి. ఆ మధ్యలో అరసెకను అవతలి పిల్ల మొహం వెలిగి ఆరిపోతుంది. ఇంగ్లీషు సబ్‌టైటిల్లో ఆ లేదన్న మాట ముందే తెరమీద ఉంటుంది. అతను నోరు తెరిచేలోపే మనకి తెలిసిపోతుంది, ఆ పిల్ల మొహం ఎందుకు వెలిగిందో అర్థం కాదు. తెలుగులో "నువ్వంటే నాకు ఇష్టం..." అని ఆపి "లేదు" అనొచ్చు. సరిగ్గా రాస్తే తెలుగు డబ్బింగ్ ఆ అరసెకనుని కాపాడగలదు.

రెండోది మీరు, నువ్వు. కొరియన్‌లో మన్నించి మాట్లాడే తీరు వేరు, చనువుగా మాట్లాడే తీరు వేరు. ప్రేమకథల్లో ఒకళ్ళు మన్నన వదిలేసే క్షణం పెద్ద మలుపు. ఇంగ్లీషుకి ఆ సదుపాయమే లేదు. మనకుంది. అయినా కొన్ని డబ్బింగుల్లో మొదటి సీను నుంచే అందరూ అందర్నీ నువ్వనేస్తారు. చేతిలో ఉన్న ఆయుధాన్ని పారేసుకోవడం కాదా అది?

కొరియన్‌లోనూ 'అప్పా', 'అమ్మ'కి దగ్గరగా 'ఒమ్మా' ఉన్నాయని, వాళ్ళూ మనమూ చుట్టాలమేనని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. 1905 ప్రాంతంలోనే హల్బర్ట్ అనే అమెరికన్ కొరియన్‌నీ ద్రావిడ భాషల్నీ పోల్చి పుస్తకం రాశాడు. భాషాశాస్త్రజ్ఞులు ఆ చుట్టరికాన్ని ఒప్పుకోలేదు. మా అత్తగారు ఒప్పుకున్నారు.

జపాన్ సీరియళ్ళు చప్పగా ఉంటాయంటారు?

కొరియావి చూసి వెంటనే చూస్తే అలాగే అనిపిస్తుంది. కారప్పొడి తిన్నాక పెరుగన్నం ఎలా ఉంటుంది? కొరియాలో ఏడుపొస్తే వర్షం పడుతుంది, పాట వస్తుంది, కెమెరా చుట్టూ తిరుగుతుంది. జపాన్‌లో ఏడవాల్సిన మనిషి లేచి వెళ్ళి టీకి నీళ్ళు పెడుతుంది.

'మిడ్‌నైట్ డైనర్'తో మొదలుపెట్టండి. 2009లో వచ్చింది, ఎపిసోడు అరగంట లోపే. టోక్యోలో ఒక సందులో చిన్న హోటలు, రాత్రి పన్నెండు నుంచి పొద్దున్న ఏడు దాకా. గోడమీద రాసున్నది ఒక్క పంది మాంసం సూపూ, తాగడానికి రెండు మూడు రకాలూ. మిగతాది మీరు అడిగితే, సరుకుంటే చేసిపెడతాడు. అందరూ 'మాస్టర్' అని పిలిచే ఆ వంటాయనకి కంటి మీదుగా నిలువునా కత్తిగాటు. ఎవరు పొడిచారు, ఎందుకు? చెప్పరు. మన దగ్గరయితే ఆ గాటుకి ఒక ఫ్లాష్‌బ్యాకు, అందులో ఒక చెల్లెలు, చెల్లెలికి ఒక పాట ఉండేవి.

మొదటి కథలో నల్లకళ్ళద్దాల గూండా ఒకడొచ్చి ఎర్ర సాసేజీలు అడుగుతాడు, చిన్నపిల్లల క్యారేజీలో పెట్టినట్టు ఆక్టోపస్ ఆకారంలో కోసి వేయించినవి. పక్కన కూర్చునే ముసలాయన ఎప్పుడూ తియ్యటి గుడ్డట్టు తింటాడు. కొన్నాళ్ళకి ఇద్దరూ పళ్ళాలు జరుపుకుని ఒకరిది ఒకరు రుచి చూస్తారు. స్నేహం కుదిరిందని మనకి తెలియడానికి అంతకుమించి ఏమీ చెయ్యరు. ఇంకో ఎపిసోడ్లో పెద్ద పేరున్న వంటల విమర్శకుడొచ్చి వేడన్నంలో వెన్నముద్ద, రెండు చుక్కలు సోయా సాస్ వేసుకుని కళ్ళు మూసుకుంటాడు. ఆ రాత్రి నేను లేచి వెళ్ళి వేడన్నంలో నెయ్యి, ఉప్పు వేసుకుని తిన్నాను. పన్నెండున్నరకి.

బ్యాంకులో పనిచేస్తారుగా, 'హన్‌జావా నావొకి' చూశారా?

ఒకసారి కాదు, రెండుసార్లు. 2013లో జపాన్ ఛానెల్ టీబీఎస్‌లో వచ్చిన పది ఎపిసోడ్లు. ఆఖరి ఎపిసోడుకి టోక్యో ప్రాంతంలో 42.2 శాతం రేటింగు వచ్చింది. అందులో ఫైటు లేదు, ప్రేమ లేదు. ఉన్నది లోన్ ఫైలు!

ఒసాకా బ్రాంచిలో లోన్ సెక్షన్ హెడ్డు హన్‌జావా. బ్రాంచి మేనేజరు తొందరపెట్టి ఒక స్టీలు కంపెనీకి 50 కోట్ల యెన్‌ల అప్పు సాంక్షన్ చేయిస్తాడు. అది మునుగుతుంది. బ్యాలెన్స్ షీట్లన్నీ దొంగవని తేలుతుంది. తప్పు ఎవరి నెత్తిన పడిందో చెప్పక్కర్లేదు. హెడ్డాఫీసు నుంచి విచారణకొచ్చినవాళ్ళ ముందు అతను కుర్చీలో నిటారుగా కూర్చుంటాడు, వాళ్ళు బల్ల గుద్దుతుంటారు. నేనూ ఒకప్పుడు అలాంటి కుర్చీలో కూర్చున్నదాన్నే, ఎక్కడ, ఎందుకు అన్నది వదిలేద్దాం. కాకపోతే నేను నిటారుగా కూర్చోలేదు. 'దెబ్బకి రెట్టింపు దెబ్బ' అనే అతని మాట జపాన్ ఆఫీసుల్లో మారుమోగిందంటే ఎందుకు మోగదు?

నటన మాత్రం వీధినాటకం. కళ్ళు చక్రాల్లా తిప్పుతారు, మూతులు వంకర్లు పోతాయి. జపాన్ సీరియళ్ళు చప్పన అన్నవాళ్ళకి ఇది విరుగుడు. చివర్లో పెద్ద డైరెక్టరు అందరి ముందూ మోకాళ్ళ మీద పడి తల నేలకి ఆనించే సీను రెండు నిమిషాల పైచిలుకు లాగారు. ఒక్క సెకనూ ఎక్కువనిపించలేదు. అంత గెలిచినవాణ్ణి చివరికేం చేశారు? ప్రమోషనిచ్చారా? బయటి కంపెనీకి డెప్యుటేషన్ మీద పంపారు. ఆ కాగితం చదివేటప్పుడు అతని మొహం మీదే సీరియల్ ఆగిపోతుంది. రాసినాయన ఒకప్పుడు బ్యాంకులో పనిచేశాడని వింటే ఆశ్చర్యం వేయలేదు.

'టోక్యో స్విండ్లర్స్' మన భూకబ్జాల కథలా ఉందట, నిజమేనా?

డబుల్ రిజిస్ట్రేషన్ అనే మాట తెలియని తెలుగువాడుంటే చూపించండి. 2024లో వచ్చిన ఈ ఏడు ఎపిసోడ్ల కథలో ఒక ముఠా ఉంటుంది. ఖాళీగా పడున్న ఖరీదైన స్థలం వెతుకుతారు, యజమాని పోలికలున్న ముసలివాళ్ళని పట్టుకుంటారు, దొంగ గుర్తింపు కార్డు తయారుచేస్తారు. పుట్టినరోజు, ఊరు, ఏ జంతువు పేరున్న సంవత్సరంలో పుట్టారో అన్నీ బట్టీ పట్టించి కొనేవాళ్ళ లాయరు ముందు కూర్చోబెడతారు. ఆ నకిలీ యజమాని తడబడే రెండు క్షణాలు, మా పానెల్ లాయరు కళ్ళజోడు పైనుంచి పార్టీ కేసి చూసే చూపూ ఒకటే.

దీనికి ఆధారం నిజంగా జరిగిందే. 2017లో టోక్యోలోని గోతండా దగ్గర ఒక సత్రం స్థలానికి ఇలాగే నకిలీ యజమానిని చూపించి ఒక పెద్ద ఇళ్ళ కంపెనీ దగ్గర 550 కోట్ల యెన్‌ల పైగా కొట్టేశారు. సీరియల్లో స్థలం ఒక బౌద్ధ సన్యాసినిది, కాబట్టి నకిలీ ఆవిడ గుండు కూడా చేయించుకోవాలి. రక్తపాతం ఎక్కువ. ముఠా నాయకుడు మాట్లాడేటప్పుడు సౌండు తగ్గించుకున్నాను. కానీ ఆ కంపెనీలో బోర్డు మీటింగు వేళకి సంతకం అయిపోవాలని తొందరపడి, అనుమానం వచ్చిన కాగితాన్ని పక్కకి జరిపే ఆఫీసరు ఉన్నాడు చూడండి, అతనే నన్ను భయపెట్టాడు. ఈసీ తీశారా, లింకు డాక్యుమెంట్లు చూశారా అని టీవీకేసి అరిచాను.

మా ఆయన 'ఏడుపుగొట్టు సీరియళ్ళు వద్దు' అంటారు. నవ్వించేది?

జపాన్‌వాళ్ళ 'బ్రష్ అప్ లైఫ్', 2023. మున్సిపల్ ఆఫీసు కౌంటర్లో పనిచేసే ముప్ఫై మూడేళ్ళ అమ్మాయి రోడ్డు ప్రమాదంలో పోతుంది. పైన తెల్లటి గదిలో చిత్రగుప్తుడు. కిరీటం లేదు, కౌంటర్ వెనక గుమస్తాలా కూర్చునుంటాడు. "మీ వచ్చే జన్మ గ్వాటెమాలాలో చీమల్ని తినే జంతువుగా" అంటాడు. మనిషి జన్మ కావాలంటే పుణ్యం చాల్లేదు, ఇదే జన్మ మళ్ళీ మొదట్నుంచి జీవించి పుణ్యం పోగేసుకోవచ్చు అంటాడు. ఆ పిల్ల ఏం చేస్తుంది? పసిపాపగా మళ్ళీ పుట్టి, స్నేహితురాలి వాళ్ళ నాన్న దారితప్పకుండా ఆపడం లాంటి చిల్లరమల్లర పుణ్యాలు చేసుకుంటూ వస్తుంది. జన్మ, కర్మ, పుణ్యం లెక్క మనకి పాఠం చెప్పక్కర్లేదు కాబట్టి నవ్వు ముందే వచ్చేస్తుంది. మా ఆయన నిద్రపోకుండా పూర్తిచేసిన సీరియల్ ఇదొక్కటే.

'స్క్విడ్ గేమ్'?

అప్పుల్లో మునిగినవాళ్ళు డబ్బు కోసం ప్రాణాలొడ్డి చిన్నప్పటి ఆటలాడే కొరియా కథ. మొదటి సీజను చాలు. అప్పులవాళ్ళ మొహాలు నేను రోజూ చూస్తాను, రాత్రి కూడానా? అందులో అలీ అనే పాత్ర వేసిన అనుపమ్ త్రిపాఠి ఢిల్లీ కుర్రాడు, కొరియా వెళ్ళి నటన నేర్చుకున్నాడు. గోళీల ఆట ఎపిసోడ్లో అతన్ని చూడలేక లేచి వెళ్ళిపోయాను.

'షోగన్' ఏ ఛానెల్ జపాన్ సీరియల్?

జపాన్‌ది కాదు, అమెరికావాళ్ళు తీసింది. మాటలు ఎక్కువ జపనీస్‌లోనే ఉంటాయి, బాగుంటుంది కూడా. ఈ పేజీలో దానికి చోటు లేదు.

ఆ తిండి చూస్తే నోరూరుతోంది. ఇంట్లో చేశారా?

చేశాను, ఇంట్లోవాళ్ళు ఇంకా మరిచిపోలేదు. తొక్‌పొక్కి అని, వేళ్ళంత బియ్యప్పిండి కడ్డీలు ఎర్రటి కారం గుజ్జులో ఉడుకుతుంటాయి. చూస్తే పాలతాలికలకి కారం వేసినట్టే ఉంది, మనకి రానిదా అనుకున్నాను. సోనామసూరి పిండి వేణ్ణీళ్ళతో కలిపి, తాలికల్లా చేసి, వాళ్ళ మిరపముద్ద గోచుజాంగ్ దొరక్క పండుమిరప పచ్చడి, బెల్లం వేసి ఉడికించాను. పది నిమిషాలకి తాలికలన్నీ కరిగి ఎర్ర జావ అయింది. వాళ్ళ పొట్టిబియ్యానికి బంక ఎక్కువ, పైగా ఆవిరిమీద ఉడికించి దంచుతారట. మా ఆయన గరిటెతో కలిపి చూసి, "ఇది ఏ ఎపిసోడులోది?" అన్నారు.

శాకాహారులకి చెప్పేదేమిటంటే, చూడ్డానికి మాత్రమే తృప్తిపడండి. 'సాలిటరీ గౌర్మే' అని జపాన్‌వాళ్ళదొకటి ఉంది. సూటు వేసుకున్న ఒకాయన పనిమీద వెళ్ళి, ఆకలేసి, హోటల్ వెతుక్కుని, ఒంటరిగా తిని వెళ్ళిపోతాడు. 2012 నుంచీ అంతే కథ. మనసులో మాట్లాడుకుంటూ తింటాడు, మద్యం ముట్టడు. ఆ హోటళ్ళు నిజంగా ఉన్నవే.

వాళ్ళు నిజంగా అలాగే ఉంటారా?

నేను వెళ్ళలేదు. మా కొలీగ్ ఒకాయన పెనుకొండ వైపు పనిచేసొచ్చారు. 2019లో కొరియా కంపెనీ కియా కార్ల తయారీ మొదలయ్యాక అటువైపు కొరియన్ అక్షరాల బోర్డులు, కొరియా హోటళ్ళు వచ్చాయి. అక్కడి కొరియావాళ్ళు కాగితమిచ్చినా కార్డిచ్చినా రెండు చేతులతో, కాస్త వంగి ఇస్తారట. సీరియల్లో చూసిందే. కోటీశ్వరుడి మనవడు గుమాస్తా పిల్లని పెళ్ళి చేసుకోవడం మాత్రం ఆయనెక్కడా చూడలేదన్నారు.

మీకు విసుగొచ్చేవి?

కొరియాలో: జ్ఞాపకం పోవడం. పన్నెండో ఎపిసోడ్లో విడిపోవడం. రోడ్డు దాటుతుంటే ఎక్కణ్ణుంచో వచ్చే లారీ. మాట్లాడాలంటే ఆడపిల్ల చెయ్యి పట్టి లాక్కెళ్ళడం. చిన్నప్పుడే ఒకసారి కలిశారని చివర్లో తెలియడం. కన్నీళ్ళ మధ్యలో శాండ్‌విచ్ కొట్లోకి దూరి ఆ పొట్లం పేరు మనకి కనపడేలా తిప్పి తినడం. జపాన్‌లో: చివర్లో ఒకళ్ళు నిలబడి నీతి ఉపన్యాసం చెప్పడం, అందరూ నిశ్శబ్దంగా వినడం. అసలు సగం సీరియళ్ళు మన దేశానికి రాకపోవడం.

జ్ఞాపకం పోయే కథల్ని ఇంత తిట్టి, 'ఫస్ట్ లవ్' చూసి మళ్ళీ ఏడ్చాను. 2022లో వచ్చిన జపాన్ సీరియల్. హొక్కైడో మంచు, టాక్సీ నడిపే ఆడమనిషి, చిన్ననాటి ప్రేమ గుర్తులేకపోవడం, అన్నీ ఉన్నాయి. ఉతాదా హికారు పాడిన 1999 నాటి పాట మీంచి అల్లిన కథ. మాట మీద నిలబడలేకపోయినందుకు సిగ్గుపడుతున్నాను.

అక్కచెల్లెళ్ళం కలిసి చూసేది చెప్పండి?

'అసురా', 2025 జనవరిలో వచ్చింది, ఏడే ఎపిసోడ్లు. మన అసుర శబ్దమే, బౌద్ధంతోపాటు అటు వెళ్ళింది. 1979 టోక్యోలో నలుగురు అక్కచెల్లెళ్ళు, డెబ్భై ఏళ్ళ తండ్రికి ఇంకో ఇల్లుందని తెలుసుకుంటారు. అమ్మకి తెలియకూడదని గుసగుసలు, మధ్యలో పాత తగాదాలు, ఆ తగాదాల మధ్యలో తినడం, పకపకా నవ్వడం. అమ్మ మాత్రం బట్టలు మడతపెట్టుకుంటూ ఉంటుంది. ఆమెకి ఎప్పట్నుంచి తెలుసు అన్నది కనిపెట్టడం మీ పని. మేం ముగ్గురం సంక్రాంతికి కలిసినప్పుడు పెట్టాను. రెండో ఎపిసోడుకి మా పెద్దక్క టీవీ ఆపి, అమ్మ నగల సంగతి ఎత్తింది.

ప్రస్తుతం ఏం చూస్తున్నారు?

'మై మిస్టర్'. 2018 నాటి కొరియా సీరియల్, ఆలస్యంగా మొదలుపెట్టాం. నలభై దాటిన ఇంజనీరు, అప్పుల్లో మునిగిన ఇరవై ఒక్కేళ్ళ టెంపరరీ ఉద్యోగిని. ప్రేమకథ కాదు, అదేమిటో ఇంకా తెలియదు. ఆ పిల్ల మాటరాని నాయనమ్మని సూపర్‌మార్కెట్ ట్రాలీలో కూర్చోబెట్టి చందమామని చూపించడానికి తీసుకెళ్తుంది. ఇంజనీరుగా వేసిన లీ సన్ క్యున్ 2023 డిసెంబరులో పోయారు. ఆ సంగతి తెలిసి చూస్తుంటే ఆయన అలసటగా రైలు దిగే ప్రతిసారీ ఏదోలా ఉంటుంది. మా ఆయనా నేనూ రోజుకొకటి చొప్పున కలిసి చూద్దామని ఒప్పందం. ఆయన క్యాంపుకి వెళ్ళిన రెండు రోజుల్లో నేను నాలుగు ఎపిసోడ్లు ముందుకెళ్ళాను. ఇవాళ రాత్రి మళ్ళీ ఏడో ఎపిసోడ్ పెడతారు. మొదటిసారి చూస్తున్నట్టు మొహం పెట్టాలి.